‘మా డాడీ ఎందుకు ఇంటలేడు?’: నాచారంలో మూడు రోజులు

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా బడిలో అందరూ చార్మినారు గురించి అడిగారు. చూడలేదన్నాను. గోల్కొండ? అదీ లేదు. కనీసం బిర్యానీ అయినా తిన్నారా అని మా లెక్కల మాష్టారు నా వైపు జాలిగా చూశారు. ఉప్పల్, చెంగిచెర్ల, నాచారం. ఆ మూడు రోజులూ ఈ మూడు చోట్లు దాటి నేనెక్కడికీ పోలేదు. అక్కడ చూడ్డానికేముంది అంటే, ఒక బడిలో ఒక కంప్యూటరు గది ఉంది. అందులో జరిగింది ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకోవడం నా వల్ల కాక ఇది రాస్తున్నాను. రాష్ట్రం విడిపోవడానికి కొంచెం ముందటి సంగతి ఇది.

నేను కోనసీమలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్తాను. ఇంటర్నెట్టుతో చదువు అనే మాట మీద నాకు మొదటినుంచీ గురి లేదు. శిక్షణ తరగతుల్లో గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపించి, టీ బిస్కెట్లు పెట్టి, సంతకం చేయించుకుని పంపేసేవారు. అటువంటిది, ఒక టీచర్ల గ్రూపులో ఎవరో పంపిన లింకు నొక్కితే నాచారంలోని ఒక చిన్న ప్రైవేటు బడి బ్లాగు తెరుచుకుంది. తొమ్మిదో తరగతి పిల్లలు రాస్తున్నారు. ప్రశ్న పిల్లలే వేసుకోవాలి, జవాబు పిల్లలే వెతుక్కోవాలి, దొరికినదాన్ని నలుగురికీ కనబడేలా పెట్టాలి, టీచరు పక్కన నిలబడి చూడాలి. అదీ వాళ్ళ పద్ధతి. గల్లీలో కుక్కల గురించి ఒకడు, చెరువులో నురుగు గురించి ఇంకొకడు రాశారు. వాటి మధ్యలో ఒక పిల్ల పేరు పెట్టకుండా వేసిన ప్రశ్న ఉంది: ‘మా డాడీ ఎందుకు ఇంటలేడు?’

నేను పకపకా నవ్వాను. మాట వినడం లేదని తల్లిదండ్రులు పిల్లల మీద చెప్తారు గానీ, పిల్ల తండ్రి మీద చెప్పడం ఎప్పుడూ వినలేదు. కింద ఇంకా ఉంది. ‘ఎన్కనుంచి పిలిస్తే పలుకడు. ముంగటికొచ్చి అడిగితే చెప్తడు. మొన్న రోడ్డు మీద ఒకాయన సైకిల్ బెల్ ఎంత కొట్టినా జరుగలే. మా డాడీ ప్రెస్ షాపుల పనిచేస్తడు. ఇంటలేడా, ఇనవడ్తలేదా?’

నవ్వు ఆగిపోయింది. వాళ్ళ టీచరు శ్రీలతకు ఉత్తరం రాశాను. ఆ ప్రశ్న వేసింది రజిత, ఇప్పుడు పిల్లలు ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళ నాన్నలను పిలిచి చెవులు పరీక్ష చేయబోతున్నారు, వీలైతే రండి అని జవాబు వచ్చింది. సెలవు పెట్టి బయల్దేరాను.

ఉప్పల్ చౌరస్తా

ఉప్పల్‌లో దిగగానే మొదట తెలిసింది, ఇక్కడ మామూలుగా మాట్లాడితే కుదరదని. మెట్రో స్తంభాల కోసం రోడ్డు మధ్యలో గోతులు తవ్వుతున్నారు. వరంగల్ బస్సులు, సెవెన్ సీటర్ ఆటోలు, కండక్టర్ల కేకలు. ఫోనులో శ్రీలత ఏదో చెప్తోంది, నాకు ‘చెంగిచెర్ల’ ఒక్కటే చెవిన పడింది. మిగతాది ఊహించుకుని ‘సరే సరే’ అన్నాను. తీరా చూస్తే ఆవిడ రింగురోడ్డుకు అటువైపు ఉండమందట, నేను ఇటువైపు గంటసేపు నిలబడ్డాను.

ఆ గంట నాకు తోడు సీతాఫలాలు అమ్మే ఒక పెద్దావిడ. మోత్కూరు దగ్గర్నుంచి పొద్దున్నే బుట్టలతో దిగిందట. ధర అడిగాను. మా వైపు ఆ డబ్బుతో రెండింతలు వస్తాయని బేరం పెట్టాను.

‘గట్లయితే మీ దిక్కే కొనుక్కోరాదు?’ అంది. మళ్ళీ నా ముఖం చూసి, ‘ఆంధ్రనా అమ్మా మీది?’ అని అడిగింది.

ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఎవరైనా ఒక్క క్షణం తటపటాయించేవారు. నేనూ తటపటాయించి, అవునన్నాను.

‘మా అల్లుడు కాకినాడల పనిజేసిండు కొన్నొద్దులు. చేపలు మస్తు తింటరట గదా,’ అని, బాగా పండిన కాయ ఒకటి విప్పి నా చేతిలో పెట్టింది. దానికి డబ్బు తీసుకోలేదు. ఇంత తియ్యటి సీతాఫలం మా వైపు దొరకదని ఒప్పుకుంటున్నాను. అది తినేసరికి చేతులూ చీర కుచ్చిళ్ళూ జిగట అయ్యాయి, శ్రీలత నన్ను మొదటిసారి చూడ్డం ఆ అవతారంలోనే.

చెంగిచెర్లలో కుళాయి

శ్రీలత అద్దెకుండే ఇల్లు చెంగిచెర్లలో, కొత్తగా లేచిన కాలనీలో ఉంది. సగం ప్లాట్లలో ఇళ్ళు, సగం ప్లాట్లలో కంకర గుట్టలు. ఇంట్లో ఆవిడ అత్తగారు ఎదురొచ్చారు. చేతులు కడుక్కోవాలి కదా, ‘కుళాయి ఎక్కడుందండీ?’ అని అడిగాను. ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూసి లోపలికి వెళ్ళి, మనవడి ఉన్ని టోపీ తెచ్చిచ్చారు.

‘సలి పెడ్తుందా బిడ్డా? గిది జర చిన్నగైతదేమో,’ అన్నారు.

శ్రీలత నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. అక్కడ నీళ్ళొచ్చేది నల్లా. కుల్లాయి అంటే తలకు పెట్టుకునేది. టోపీని ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి కడుక్కున్నాను.

రాత్రి భోజనంలోకి సర్వపిండి చేశారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె అడుగున అద్ది కాలుస్తారు. కరకరలాడుతుంది. మా దిబ్బరొట్టె మెత్తదనం దీనికి లేదు, దీని రుచి దానికి లేదు. పచ్చిపులుసులో ముంచుకుని మూడు తిన్నాను. తింటూ ఉండగా శ్రీలత ‘ప్రాజెక్టు’ అనే మాట కథ చెప్పింది.

‘ఇక్కడ ప్రాజెక్టు అంటే కొనేది అక్కా. నెట్ సెంటరుకు పోయి పేరు చెప్తే చాలు, వాడే బొమ్మలు ప్రింటు తీసి, అట్టలేసి, బైండింగ్ చేసిస్తడు. థర్మోకోల్ అగ్నిపర్వతాలు గూడ రెడీమేడ్ దొరుకుతయి. నేను ఈ పద్ధతి మొదలువెట్టిన్నాడు పేరెంట్సు వచ్చి, ఎంతయితదో చెప్పుండ్రి మేడమ్, కొనిస్తం, పిల్లకు మార్కులు మాత్రం తక్కువ చెయ్యకుండ్రి అన్నరు.’

‘మరి రజిత వాళ్ళ నాన్న?’

‘ఆయన గూడ గదే అన్నడు,’ అంది శ్రీలత.

బడిలో

మర్నాడు కంప్యూటరు గదిలోకి అడుగుపెడితే ఒక్క పిల్లా లేచి నిలబడలేదు. మా బడిలో అయితే బెంచీలు ఒక్కసారిగా కదిలిన చప్పుడు రావాలి. నాకు ప్రాణం చివుక్కుమంది. వాళ్ళు నన్ను అవమానించలేదని, అసలు చూడనే లేదని కాసేపటికి అర్థమైంది. నాలుగు కంప్యూటర్లు, ఒక్కో దానికీ ఆరేసి తలకాయలు. శ్రీలత మూల కుర్చీలో కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉంది. అలా ఏమీ చెయ్యకుండా ఉండడం ఎంత కష్టమో ఆ పూటంతా నేనూ అనుభవించాను, తప్పు కనబడితే చాలు నా చెయ్యి సుద్దముక్క కోసం వెతికేది.

వాళ్ళ సాధనాలన్నీ ఉచితంగా దొరికినవే. సన్నని ధ్వని నుంచి బొంగురు ధ్వని దాకా కావలసినట్టు పుట్టించే ఒక ప్రోగ్రాం. ఒకరు రాస్తుంటే నాలుగు కంప్యూటర్లలోనూ కనబడే ఒక పట్టిక. విదేశీ టీచర్లు నడిపే ఒక సైటులో చెవి పరీక్ష ఎలా చెయ్యాలో వివరంగా ఉంది. ఇంగ్లీషు కష్టమై, దాన్ని ఆన్‌లైన్‌లో తెలుగు చేసే యంత్రానికి ఇచ్చారట. ఆ యంత్రం తెలుగు గోడకు అంటించి ఉంది. అందులో ఒక వాక్యం: ‘విషయం ఆపరేటర్ నుండి దూరంగా ముఖం ఉండాలి.’

‘విషయానికి మొఖమేంది మేడమ్?’ అని సాయి అనే అబ్బాయి నన్నడిగాడు. గదంతా గొల్లుమంది. అర్థం కాని ఆ వాక్యాన్ని వాళ్ళు కొట్టేశారు. నేనూ నవ్వాను. అసలు ఇంగ్లీషులో ఏముందో చూద్దామని ఎవరికీ తోచలేదు.

రజిత సన్నగా ఉంటుంది, మాట కూడా సన్నగానే ఉంటుంది. ఆ గదిలో అందరూ అరుస్తుంటే ఆమె ఒక్కతే గొంతు ఎత్తదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నా పక్కన కూర్చుంది. డబ్బాలో పుంటికూర, అంటే మన గోంగూర. నాకు సగం పెట్టింది.

‘నీ ప్రశ్నకు జవాబు ఏం రావాలని ఉందమ్మా నీకు?’ అని అడిగాను.

‘ఇనవడాలె మేడమ్. ఇనవడకపోతే మిషన్ మీదికెల్లి తీసి గేటు కాడ కూసోవెడ్తరు అంటది మమ్మీ. జీతం తక్వైతది.’ మెతుకులు కెలుకుతూ మళ్ళీ అంది, ‘కని ఇనవడ్తే ఇంకోటున్నది మేడమ్. ఇనవడి గూడ పలుకుతలేడంటే, నా మీద కోపమున్నట్టే గదా. సంవత్సరం నుంచి నాతోని సరిగ మాట్లాడ్తలేడు.’

ఎటు వచ్చినా ఏడుపే ఉన్న ప్రశ్నను ఆ పిల్ల తనంతట తాను వేసుకుని, పద్ధతిగా పట్టిక గీసుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ళుగా సైన్సు చెప్తున్నాను, నా విద్యార్థుల్లో ఒక్కరినైనా ఇంత ధైర్యంగల ప్రశ్న వెయ్యనిచ్చానా అనిపించింది.

ఫ్యాక్టరీల వీధి

సాయంత్రం శ్రీలత, రజితా నన్ను పారిశ్రామికవాడ వైపు తీసుకెళ్ళారు. గాలిలో మందుల వాసన, దాని వెనకాలే ఎక్కడో బిస్కెట్లు కాల్చే వాసన. ప్రెస్ షాపు అంటే ఇనుప రేకులను పెద్ద యంత్రంతో దెబ్బ వేసి సామాన్లుగా మలిచే చోటు. లోపలికి రానివ్వలేదు. రోడ్డు మీద నిలబడితేనే ఒక్కో దెబ్బకూ నా పళ్ళు అదిరాయి. ఎదురుగా చాయ్ బండి. మా దగ్గర టీ గ్లాసు నిండా పోస్తారు, ఇక్కడ సగం పోసి చాయ్ అంటారు. అయితే ఆ సగంలోనే మన గ్లాసెడు పంచదార ఉంటుంది.

షిఫ్టు వదిలాక కార్మికులు బయటికి వచ్చారు. నేను గమనించింది ఒకటే, వాళ్ళు చేతులతో మాట్లాడుకుంటున్నారు. రోడ్డుకు అటునుంచి ఒకాయన రెండు వేళ్ళు చూపిస్తే ఇటువైపు ఇంకొకాయన చాయ్ బండివాడికి రెండు అని చెప్పాడు. ఒకాయన అరచెయ్యి తిప్పితే ఇంకొకాయన తల ఊపి సైకిలు తీశాడు. చాయ్ పోసే ఆయన్ను అడిగితే, ‘లోపట నోటితోని ఏం పనికాదమ్మా. హెల్పర్ చెయ్యి లేపాలె, అప్పుడే ప్రెస్ తొక్కాలె. చెయ్యి సూడకపోతే చేతులు పోతయి,’ అన్నాడు.

రజిత వాళ్ళ నాన్న యాదగిరి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నుదుటి మీద చెమట ఆరి గీతలు కట్టింది. నమస్తే మేడమ్ అని ఎంత గట్టిగా అన్నాడంటే, నేను చేసిన తప్పేమిటా అని భయపడ్డాను. కోపం కాదు, ఆయన గొంతే అంత. నేను మాట్లాడుతున్నంతసేపూ నా పెదవుల వైపే చూశాడు.

‘రేపు పవర్ హాలిడే. కరెంటియ్యరు, ఫ్యాక్టరీ బందుంటది. వస్త మేడమ్, తప్పకుండ వస్త. బిడ్డ ప్రాజెక్టు గదా,’ అన్నాడు.

ఇంటికి వెళ్ళే దారిలో రజిత ఆయన వెనకాల నడుస్తూ ‘డాడీ, చెప్పు తెగింది’ అంది. ఆయన అలాగే నడిచిపోయాడు. పిల్ల తెగిన చెప్పు చేతిలో పట్టుకుని, మరి మాట్లాడకుండా వెనకాలే వెళ్ళింది.

పవర్ హాలిడే రోజు

యంత్రాలు ఆగితే నాచారంలో కాకుల అరుపు కూడా వినబడుతుందని మూడో రోజు తెలిసింది. బడికి ఇన్వర్టరు ఉంది కాబట్టి కంప్యూటర్లు నడుస్తున్నాయి. ముగ్గురు తండ్రుల పరీక్ష అయ్యాక యాదగిరి వచ్చాడు. ఉతికిన చొక్కా, తడి చేసి దువ్విన తల. పిల్లల కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. రజిత మౌస్ నొక్కితే ధ్వని వస్తుంది, వినబడితే చెయ్యి ఎత్తాలి. సాయి పట్టికలో గుర్తు పెడతాడు.

రజిత నొక్కింది, ఆయన చెయ్యి ఎత్తాడు. మళ్ళీ నొక్కింది, ఎత్తాడు. బొంగురు ధ్వనులు అయ్యాయి, సన్నవి మొదలయ్యాయి. కొంచెం తగ్గించింది, ఇంకా తగ్గించింది. చెయ్యి లేస్తూనే ఉంది. ఆయన కుర్చీ సర్దుకున్నాడు, మళ్ళీ ఎత్తాడు. పట్టికలో వరసంతా నిండింది.

‘అన్నీ ఇనవడ్తున్నయి మేడమ్!’ అంది రజిత. సంతోషంతోనే అంది, కానీ ఆ వెంటనే ముఖం మాడిపోయింది. వినబడుతోందంటే దాని అర్థమేమిటో ఆ గదిలో నాకూ ఆమెకూ తెలుసు.

అప్పుడు సాయి కింద పడిన పెన్ను కోసం వంగాడు. వంగినవాడు చాలాసేపు లేవలేదు. లేచేటప్పుడు వాడి చేతిలో హెడ్‌ఫోన్ల వైరు కొస ఉంది. ఆయన కుర్చీ సర్దుకున్నప్పుడు కంప్యూటరులోంచి ఊడొచ్చింది. ఆ కంప్యూటరుకు వేరే స్పీకర్లు లేవు. అంటే అప్పటినుంచీ ఏ ధ్వనీ లేదు. ఆయన మాత్రం ప్రతిసారీ సరిగ్గా చెయ్యి ఎత్తాడు.

గోడ మీద కొట్టేసిన వాక్యం వైపు శ్రీలత చూసింది. ‘పరీక్ష చేయించుకునే మనిషి ఆ వైపు తిరిగి కూసోవాలె. గదీ దానర్థం,’ అని నెమ్మదిగా అంది. ఆయన పిల్ల చేతి వైపు చూస్తున్నాడు. వేలు మౌస్ మీద కదిలితే చాలు, ప్రెస్ దగ్గర పదిహేనేళ్ళుగా ఎదుటివాళ్ళ చేతులు చూసిన అలవాటు ఆయన చెయ్యి లేపుతోంది.

అందరి ముఖాలూ చూసి యాదగిరి హెడ్‌ఫోన్లు తీశాడు. ‘ఏమైంది? తప్పయిందా?’ అని అడిగాడు.

రజిత ఆయన ముందుకొచ్చింది. ‘సప్పుడు రాకున్నా చెయ్యెందుకు లేపినవ్ డాడీ?’

ఆయన తప్పు చేసిన పిల్లవాడిలా మా అందరి వైపూ చూశాడు. ‘నేను లేపకపోతే నీకు మార్కులు తక్వైతయి గదా బిడ్డా,’ అన్నాడు.

శ్రీలత కళ్ళు తుడుచుకుంది. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మార్కులు అనే మాట అంటే నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

‘ఇది నా పరీక్ష కాదు డాడీ,’ అంది రజిత, ఒక్కో మాటా విడివిడిగా. ‘మార్కుల్లేవు. నీకు ఇనవడ్తె ఇనవడ్డదను, లేకుంటే లేదను. గంతే.’

బ్లాగులో ఎవరి పేరూ, ఏ కంపెనీ పేరూ ఉండదని శ్రీలత మళ్ళీ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, తనే కుర్చీని గోడ వైపు తిప్పుకున్నాడు. సాయి వైరు గట్టిగా బిగించాడు. రజిత మొదలుపెట్టింది.

బొంగురు ధ్వనులకు చెయ్యి లేచింది. మధ్య రకానికి ఆలస్యంగా లేచింది. సన్న ధ్వనులు వచ్చేసరికి ఆగిపోయింది. రజిత ధ్వని పెంచింది, ఇంకా పెంచింది. హెడ్‌ఫోన్లలోంచి బయటికి పొక్కి, ఈల లాగా నా చెవిదాకా వచ్చింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, గోడ వైపు చూస్తూ, వినడానికి సిద్ధంగా కూర్చునే ఉన్నాడు. పిల్ల మౌస్ వదిలేసి ముఖం చేతుల్లో దాచుకుంది. చివరి రెండు గుర్తులూ సాయే పెట్టాడు.

పట్టికలోని గుర్తులను కలిపితే తెర మీద గీత వచ్చింది. కొంతదూరం తిన్నగా నడిచి, గట్టు మీంచి కాలవలోకి దిగినట్టు ఒక్కసారిగా కిందికి దిగింది. ఇది డాక్టరు పరీక్ష కాదని, దవాఖానకు వెళ్ళి చూపించుకోవాలని శ్రీలత ఆయన ముఖంలోకి చూస్తూ చెప్పింది. ‘పోత మేడమ్,’ అన్నాడు. కంపెనీ మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మిగతా ముగ్గురు తండ్రులకూ కబురు పెట్టి, మళ్ళీ ఆ వైపు తిప్పి కూర్చోబెట్టి పరీక్ష చెయ్యాలని పిల్లలు తమలో తాము అనుకున్నారు.

యాదగిరి వెళ్ళకుండా తెర ముందే నిలబడ్డాడు. ‘గిది బస్సు సప్పుడు, గిది మిషన్ సప్పుడు’ అని సాయి గీత ఎడమవైపు నుంచి చూపిస్తూ వచ్చాడు. ఆయన శ్రద్ధగా చూశాడు.

‘మా రజిత గొంతు ఏడుంటది?’ అని అడిగాడు.

రజితే లేచి వచ్చి, గీత దిగిపోయిన చోట వేలు పెట్టింది. ఆయన ఆ వేలు వైపు, తర్వాత పిల్ల ముఖం వైపు చూశాడు.

‘అంటే ఇన్ని దినాలు నువ్వు పిలుస్తనే ఉన్నవా?’ ఆ మూడు రోజుల్లో ఆయన గొంతు తగ్గించి మాట్లాడడం నేను విన్నది అప్పుడొక్కసారే. ‘నేనేమో నువ్వు పెద్దగయినవ్, ఇంగ్లీషు సదువుతున్నవ్, నాతోని మాట్లాడుడు బంద్ వెట్టినవనుకున్న బిడ్డా.’

రజిత ఆయనకు సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడింది.

‘బంద్ వెట్టలే డాడీ,’ అంది.